పిల్లలతో వేసవి ప్రయాణము

ఏప్రిల్ మాసము చివరి వారములో బడులు మూసివేయుదురు. మరల తెరచునది జూన్ రెండవ వారములో. ఈ నెలన్నర దినములలో తెలుగునాట రైళ్లలోను, బస్సులలోను చోటు దొరకుట దుర్లభము. తాతగారి ఊరికి పోవువారు, మొక్కు తీర్చుకొనుటకు తిరుపతికి పోవువారు, ఎండ నుండి తప్పించుకొని అరకుకో ఊటీకో పోవువారు, అందరును ఈ దినములలోనే బయలుదేరవలెను. నెలల తరబడి ఎదురుచూచిన ప్రయాణమిది. అయినను తిరిగివచ్చిన గృహస్థుని "ఎట్లు జరిగినది?" అని అడిగినచో, "బాగానే జరిగింది గాని, ఇల్లు చేరేసరికి ప్రాణం లేచివచ్చిందండీ" అనును. ఇల్లాలిని అడిగినచో ఆ మాటయు అనదు. మూలనున్న మాసిన బట్టల మూట వంక చూచి ఊరకుండును.

చిన్నవానికి వాంతులైనవి, నడిమివాడు మారాము చేసెను, పెద్దపిల్ల అలిగి మాటాడలేదు. తుదకు పెద్దలిద్దరును ఒకరిపై ఒకరు విసుగుకొనిరి. ఇట్టి ప్రయాణములకు పిల్లల అల్లరియే కారణమని సాధారణముగ అనుకొందురు. మా అభిప్రాయము వేరు. పెద్దల కొలతతో వేసిన ప్రణాళికను పిల్లల శరీరములచేత మోయింపజూచుటయే అసలు చిక్కు. ఆకలి, నిద్ర, ఎండ, కాలము, దూరము అను నీ అయిదింటికిని పెద్దల లెక్క ఒకటి, పిల్లల లెక్క మరియొకటి. ఆ రెండవ లెక్కను ముందుగ తెలిసికొన్నచో ప్రయాణములోని చీకాకు చాలవరకు తొలగును. ఏ రీతిగనో చూతము.

ఉదాహరణకు ఒక కుటుంబమును ఊహింతము. విజయవాడలో కాపురము. తండ్రి, తల్లి, నాయనమ్మ; పిల్లలు ముగ్గురు: పదునొకండేండ్ల బాలిక, ఏడేండ్ల బాలుడు, మూడేండ్ల చిన్నవాడు. వీరు విశాఖపట్టణమును, అరకులోయను చూడదలచిరి. తండ్రికి సెలవు తక్కువ. కావున ఇట్లు ప్రణాళిక వేసిరి. రాత్రి రైలులో బయలుదేరి తెల్లవారునప్పటికి విశాఖ. స్నానములు కాగానే సింహాచలము. మధ్యాహ్నము కైలాసగిరి. అటుపిమ్మట జలాంతర్గామి, సముద్రతీరము, రాత్రి హోటలు భోజనము. మరునాడు తెల్లవారుజామున లేచి అరకు రైలు. బొర్రా గుహలు, పద్మాపురము తోటలు, గిరిజన ప్రదర్శనశాల అన్నియు ఆనాడే చూచి, ఘాటు రోడ్డుమీదుగ చీకటిలో తిరిగి విశాఖ. మూడవనాడు జంతుప్రదర్శనశాల, రుషికొండ, బజారు, రాత్రి రైలు. నాలుగవనాడు ఉదయము స్టేషను నుండి ఇంటికి, ఇంటి నుండి నేరుగ ఆఫీసుకు.

కాగితముమీద ఇది చక్కని ప్రణాళిక. ఒక్క గంటయు వృథా కాలేదు. కాని రెండవనాటి మధ్యాహ్నము బొర్రా గుహల మెట్లమీద ఏమి జరుగునో ఊహింపుడు. మూడేండ్లవాడు రెండు రాత్రులుగ సరిగ నిద్రపోలేదు. ఉదయము నుండి బిస్కత్తులు తప్ప ఏమియు తినలేదు. వాడు మెట్టుమీద కూలబడి "నేను రాను" అని ఏడ్చును. "ఇంత ఖర్చు పెట్టి వచ్చాం కదా, చూడకుండా పోతామా?" అని తండ్రి వానిని రెక్క పట్టి లేపును. తల్లి వానిని చంకనెత్తుకొని మెట్లు దిగును. వేలాడు సున్నపురాతి స్తంభములను చూచునది ఎవరు? ఆమె దృష్టి అంతయు జారు మెట్లమీదనే యుండును.

ఇందులో పిల్లవాని తప్పు లేదు. మూడు నాలుగేండ్ల పిల్లలకు దినమునకు, పగటి కునుకుతో గూడ, 10 నుండి 13 గంటల నిద్ర కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన సూచనలు చెప్పుచున్నవి. ఆరు మొదలు పండ్రెండేండ్ల వరకు గల పిల్లలకు 9 నుండి 12 గంటలు అవసరమని నిద్రావైద్య నిపుణులు నిర్ణయించిరి. పై ప్రణాళికలో చిన్నవానికి అందులో సగమైనను దక్కలేదు. నిద్ర చాలని పెద్దవాడు కునికిపాట్లు పడును. నిద్ర చాలని పసివాడు గంతులు వేయును, కొట్టును, ఏడ్చును. దానిని మనము అల్లరి అందుము. ఆకలియు అట్టిదే. పసివాని కడుపు చిన్నది. కొంచెము కొంచెముగ రెండు మూడు గంటలకొకసారి తినవలెను. పెద్దలవలె ఉదయము తిని, రెండు గంటలవరకు ఓర్చుకొనుట వానికి సాధ్యము కాదు.

రేడియో నిలయములో కార్యక్రమములను వరుసపరచుట మా వృత్తి. ఆ వృత్తి మాకు నేర్పిన సంగతి యొకటి ఇచ్చట పనికివచ్చును. ఒక కార్యక్రమమునకును, మరియొక దానికిని నడుమ ఊపిరి పీల్చుకొను సందు లేకున్నచో, మొదటిది రెండు నిమిషములు ఆలస్యమైనంతనే ఆ పూట కార్యక్రమములన్నియు తారుమారగును. అందుచేత ప్రతి నిలయమునందును, వీలుచూచుకొని వేయుటకు కొన్ని వాద్యసంగీతపు ముక్కలు సిద్ధముగ నుంచుదురు. వ్యవధి మిగిలినచో అవి వినిపింతురు, మిగలకున్నచో మానుదురు. కుటుంబ ప్రయాణమునకును ఇట్టి సందులు కావలెను. పిల్లలున్న ప్రయాణములో ఆలస్యము అనుకోని సంఘటన కాదు. అది జరిగియే తీరును. చెప్పు తెగును, నీళ్ల సీసా హోటలులో మరచిపోవుదురు, బండి ఎక్కు సమయమునకు చిన్నవాడు "బాత్రూము" అనును. ప్రణాళికలో సందున్నచో ఇవి నవ్వుకొను విషయములు; లేనిచో తగవులు.

ఆ కుటుంబపు ప్రణాళికనే మార్చి చూతము. నియమము ఒక్కటే: దినమునకు ఒక ముఖ్యమైన పని, అదియు ఉదయము పూట; మధ్యాహ్నము విశ్రాంతి; సాయంకాలము తోచినట్లు. మొదటినాడు పగటి రైలులో బయలుదేరుదురు. విజయవాడ నుండి విశాఖకు సుమారు 350 కిలోమీటర్లు. వేగముగ పోవు రైలైనచో దాదాపు ఆరు గంటలు. ఆ సాయంకాలము సముద్రమును చూచుట తప్ప మరేమియు లేదు. రెండవనాడు వేకువనే నాయనమ్మయు, తండ్రియు సింహాచలము వెళ్లి వత్తురు. పిల్లలు, తల్లి నిద్రపోవుదురు. మధ్యాహ్నము అందరును విశ్రమించి, సాయంకాలము తండ్రి పిల్లలను జలాంతర్గామి చూపుటకు తీసికొనిపోవును. ఆ రెండు గంటలు తల్లికి సెలవు. మూడవనాడు అరకు రైలు. ఆ రాత్రి అరకులోనే బస. నాలుగవనాడు ఉదయము బొర్రా గుహలు, ఆగుచు ఆగుచు ఘాటు దిగి సాయంకాలమునకు విశాఖ. అయిదవనాడు రైలు. అది శనివారమగునట్లు చూచుకొన్నచో ఆదివారము ఇంటిలో గడుపవచ్చును.

ఈ ప్రణాళికలో కైలాసగిరి లేదు. రుషికొండ లేదు. జంతుప్రదర్శనశాల లేదు. రోజులు రెండు పెరిగినవి, చూచునవి తగ్గినవి. ఇందులకు పెద్దల మనస్సు ఒప్పుకొనదు. అసలు కష్టము ఇచ్చటనే యున్నది. వెచ్చించిన సొమ్మును చూచిన స్థలముల సంఖ్యతో భాగించి లాభము లెక్కకట్టు అలవాటు మనకు కలదు. కాని ఆ సొమ్ము ఎట్లును ఖర్చయినది; అలసిన పిల్లవానిని మరి నాలుగు చోట్లకు ఈడ్చినంత మాత్రమున తిరిగి రాదు. రెండు రోజులు అదనముగ సెలవు దొరకనివారు అరకును మాని విశాఖనే చూడవచ్చును. లేదా విశాఖలో ఆగక అరకులో రెండు రాత్రులు గడుపవచ్చును. విడిచిపెట్టిన స్థలము ఎచ్చటికిని పోదు. పిల్లలు పెద్దవారైన పిమ్మట మరల చూడవచ్చును.

ఒక విషయము గమనింపుడు. సింహాచలమునకు అందరును కలిసి పోలేదు. "కుటుంబము" అనగానే ఆరుగురును ఒకే తాడున కట్టినట్లు తిరుగవలెనను నియమము లేదు. వృద్ధులకు దైవదర్శనము ముఖ్యము; పసివానికి ఇసుక ముఖ్యము; పదునొకండేండ్ల బాలికకు జలాంతర్గామిలోని యంత్రములు ముఖ్యము. రెండు జట్లుగ విడిపోయి, భోజన సమయమునకు కలిసికొన్నచో ఎవరి సంతోషము వారికి దక్కును. బయలుదేరుటకు వారము ముందే అందరును కూర్చుండి, ఒక్కొక్కరు ఒక్కొక్క కోరిక చెప్పవలెను. ఆ ఒక్కటి తప్పక తీర్చవలెను. తన కోరిక యొకటి లెక్కలోనికి వచ్చినదని తెలిసిన పిల్ల, తమ్ముని కోరిక తీరువరకు ఓర్చుకొనగలదు.

ఇక టిక్కెట్ల సంగతి. 2024 నవంబరు 1వ తేదీ నుండి రైలు రిజర్వేషను 60 దినములు ముందుగ మాత్రమే తెరచుచున్నారు. అంతకుమునుపు 120 దినములుండెడిది. కావున మే నెల ప్రయాణమునకు మార్చి నెలలోనే తేదీ నిశ్చయించుకొనవలెను. అయిదేండ్లు నిండని బిడ్డకు ప్రత్యేకముగ బెర్తు కోరనిచో టిక్కెట్టు అక్కరలేదు. అయిదేండ్లు నిండి పండ్రెండు నిండని వారికి బెర్తు అక్కరలేదన్నచో సగము ధర. బెర్తు కావలెనన్నచో 2016 ఏప్రిల్ నుండి పూర్తి ధర చెల్లింపవలెను. పగటి ప్రయాణమైనచో పొదుపు చేయవచ్చును గాని, రాత్రి ప్రయాణములో ఏడేండ్ల బాలునికి బెర్తు కొనకుండుట గొప్ప పొదుపు కాదు. వాడును, వానితో ఇరుకున పడుకొన్న పెద్దవారును మరునాడు దాని ఫలితమును అనుభవింతురు.

సామాను ఎంత తక్కువైన అంత సుఖము. నడువగల ప్రతి పిల్లకును ఒక చిన్న సంచి ఇచ్చి, తన బట్ట ఒక జత, తన నీళ్ల సీసా, తనకిష్టమైన బొమ్మయో పుస్తకమో అందులో తానే సర్దుకొనునట్లు చేయవలెను. చిన్నవానికి ఒక జత బట్టలు, ఒక తువ్వాలు, రెండు ఖాళీ సంచులు చేతికందు చోటనే యుండవలెను. పెట్టె అడుగున నున్న బట్టలు వాంతి అయినప్పుడు ఉపయోగపడవు. మందుల సంచిలో జ్వరము చూచు థర్మామీటరు, వైద్యుడు పిల్లల బరువునుబట్టి మోతాదు వ్రాసియిచ్చిన జ్వరపు మందు, ఓ.ఆర్.ఎస్. పొట్లములు, కట్టుకట్టు గుడ్డ, ఇంటిలో వాడుచున్న మందులు ఉండవలెను.

భోజనము విషయములో మన పెద్దల అనుభవమును మించినది లేదు. నూనె, కారప్పొడి పూసిన ఇడ్లీలు, పులిహోర, చపాతీలు ప్రయాణమునకు తగినవి. పెరుగన్నము తెల్లవారుజామున కలిపినచో ఎండకు మధ్యాహ్నమునకు పులియును. దానికి బదులు చల్లారిన అన్నములో కాచి చల్లార్చిన పాలు పోసి, తోడుకు చాలునంత పెరుగు వేసి కలిపినచో, తిను వేళకు కమ్మగ తోడుకొనును. అరటిపండ్లు, మరమరాలు, జంతికలు, సున్నుండలు చేతనుండవలెను. అయితే నాలుగేండ్లలోపు పిల్లల చేతికి వేరుసెనగ గింజలు, బఠాణీల వంటివి ఇయ్యరాదు. కదలు బండిలో అవి గొంతున అడ్డుపడుట ప్రాణాపాయము. పిల్లలు ఆకలి అని అడుగువరకు ఆగక, గడియారము చూచి పెట్టుట మేలు.

రైలు కదలిన అరగంటకే ఏడేండ్ల బాలుడు "ఇంకెంత దూరం?" అని అడుగును. "ఇంకా అయిదు గంటలు" అందుము. పది నిమిషములకు మరల అదే ప్రశ్న. విసుగు కలుగుట సహజము. కాని వాడు మనలను వేధించుటకు అడుగుటలేదు. ఆ వయస్సువానికి గంట యనునది ఒక మాట మాత్రమే. ఎంత పొడవో వానికి అంతుపట్టదు. కావున కాలమును కంటికి కనిపించునట్లు చేయవలెను. ఒక కాగితముమీద వరుసగ ఏలూరు, తాడేపల్లిగూడెము, నిడదవోలు, కొవ్వూరు, రాజమహేంద్రవరము, సామర్లకోట, తుని, అనకాపల్లి అని వ్రాసి, పెన్సిలు వాని చేతికీయుడు. స్టేషను దాటిన కొలది వాడే కొట్టివేయును. ఇప్పుడు "ఇంకెంత దూరం?" అన్న ప్రశ్నకు జవాబు వాని చేతిలోనే యున్నది.

కొవ్వూరు దాటగనే గోదావరి. ఆ వంతెన వచ్చునప్పటికి అందరును మేలుకొని యుండవలెను. 1900లో రైళ్లు నడచుట ప్రారంభమై 1997లో విశ్రాంతి పొందిన పాత హేవలాకు వంతెన, 1974 నాటి రైలు, రోడ్డు వంతెన, 1997 నాటి విల్లువంపుల వంతెన, ఈ మూడింటి కథయు పెద్దపిల్లచేత తమ్ములకు చెప్పింపుడు. నాయనమ్మ నదిలో నాణెము వేయుట వారు చూడవలెను. కాని కిటికీ వద్దనే. తలుపు దరికి పిల్లలను ఏ కారణముచేతను పోనీయరాదు. మిగిలిన వేళ పొడుపుకథలు, అంత్యాక్షరి, నాయనమ్మ కథలు ఉండనే యున్నవి. చేతిఫోనులోని బొమ్మల సంగతి మీరు అడుగుదురు. రెండేండ్లలోపు వారికి అది వలదనియు, రెండు మొదలు నాలుగేండ్ల వారికి దినమునకు గంట మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఆ గంటను బండి ఎక్కగనే ఖర్చుచేయక, అందరును అలసిన చివరి భాగమునకు దాచుకొనుట తెలివి.

విశాఖ నుండి అరకు పోవు రైలు మార్గము పిల్లలకు గొప్ప వినోదము. బైలదిల్లా ఇనుప ఖనిజమును విశాఖ రేవునకు చేర్చుటకై 1960వ దశకములో వేసిన కొత్తవలస, కిరండూలు మార్గమిది. ఆ మార్గము మొత్తముమీద 58 సొరంగములు కలవు. అరకు చేరులోపల ఎన్ని వచ్చునో లెక్కింపుమని పందెము వేసినచో సుమారు నాలుగు గంటల ప్రయాణము తెలియకయే గడచును.

దిగునప్పుడు ఘాటు రోడ్డుమీద చిక్కు వేరు. అనంతగిరి నుండి శృంగవరపుకోట చేరువరకు మలుపులు. రెండు మొదలు పండ్రెండేండ్ల పిల్లలలో చాలమందికి ఇట్టి చోట వాంతులగును. కారణము తెలిసికొన్నచో నివారణ సులభము. శరీరము కదలుచున్నదని లోచెవి మెదడునకు తెలుపును. పిల్లవాడు తల వంచి పుస్తకమో ఫోనో చూచుచున్నచో, ఏమియు కదలుటలేదని కన్ను తెలుపును. ఈ రెండు వార్తలును పొసగక కడుపులో తిప్పును. కావున చదువనీయక, ఆట ఫోను తీసివేసి, ముందరి అద్దము గుండ దూరపు కొండను చూడుమనవలెను. అద్దము కొంచెము దింపి గాలి తగులనీయవలెను. ఖాళీ కడుపుతోను, నిండు కడుపుతోను గాక, తేలికగ తిని బయలుదేరవలెను. ముప్పావు గంటకొకసారి బండి ఆపి నడిపింపవలెను. మాత్రలు అవసరమైనచో ముందుగనే వైద్యుని అడిగి, వారు చెప్పిన మోతాదులో, చెప్పిన సమయమునకు ఇయ్యవలెను. వాంతులు మొదలైన పిమ్మట మాత్ర వలన ప్రయోజనము తక్కువ.

అరకు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నుండుటచే చల్లగనుండును గాని, విశాఖలో మే నెల ఎండయు, ఉక్కయు తీవ్రము. బరువుతో పోల్చినచో పిల్లల శరీరపు పైభాగము పెద్దలకంటె ఎక్కువ. అందుచే వారు త్వరగ వేడెక్కుదురు. ఆటలో పడి దాహమును గుర్తింపరు. పదకొండు గంటల నుండి నాలుగు గంటల వరకు నీడపట్టున నుండుట విధిగ పెట్టుకొనవలెను. నూలు బట్టలు, టోపీ, గంటకొకసారి నీళ్లు. మూత్రము తక్కువగ, ముదురు పసుపురంగున వచ్చుచున్నచో నీరు చాలుటలేదని గ్రహింపవలెను. విరేచనములు పట్టుకొన్నచో ఓ.ఆర్.ఎస్. పొట్లమును, దానిమీద వ్రాసినంత నీటిలో పూర్తిగ కలిపి, కొంచెము కొంచెముగ త్రాగింపవలెను. సగము పొట్లము గ్లాసుడు నీళ్లలో కలుపుట పొరపాటు. కలిపిన ద్రావణమును 24 గంటలు దాటిన పిమ్మట పారబోయవలెను. పిల్లవాడు మత్తుగ పడియున్నను, కన్నులు గుంటలు పడినను, త్రాగినదెల్ల కక్కుచున్నను ఆలస్యము చేయక వైద్యుని కడకు పోవలెను.

సముద్రము వద్ద నియమము ఇంకను కఠినము. రామకృష్ణా బీచి చూచుటకు అందమైనది గాని, అచ్చట అలలు కాళ్ల క్రింది ఇసుకను లాగివేయును. చిన్నవాడు పెద్దవారి చేయి సాచిన దూరములోనే యుండవలెను. "అందరం చూస్తున్నాం కదా" అన్నచోట ఎవరును చూడరు. ఈ అరగంట నాది, తరువాతి అరగంట నీది అని పెద్దలు పేరు పెట్టి పంచుకొనవలెను. కాపలా వంతు వచ్చినవారు ఫోను జేబులో పెట్టవలెను.

జనసమ్మర్దమునకు పసివారిని తీసికొనిపోవుట వీలైనంత మానవలెను. సింహాచలములో స్వామి నిజరూప దర్శనము సంవత్సరమునకు ఒక్కనాడు, అక్షయతృతీయ నాడు, లభించును. అది చాలమారులు ఈ సెలవులలోనే వచ్చును. ఆనాడు పసిపిల్లతో క్యూలో నిలుచుట కంటె మరియొకనాడు ప్రశాంతముగ దర్శించుట మేలు. ఏ చోటనైనను, పిల్లలు తప్పిపోవు అవకాశమును ముందే తలచి ఉపాయము చెప్పవలెను. బయలుదేరుటకు ముందు ఆనాటి బట్టలతో ఒక్క ఛాయాచిత్రము తీసికొనుడు. పోలీసులకు చూపుటకు అంతకంటె ఉపకరించునది లేదు. తండ్రి పేరు, ఫోను నంబరు వ్రాసిన చీటీ లోపలి జేబులో ఉంచుడు. "మేము కనిపించకపోతే ఎక్కడికీ పరుగెత్తవద్దు, అక్కడే నిలబడు, పోలీసువారితో గాని, పిల్లలున్న ఒక అమ్మతో గాని చెప్పు" అని నేర్పుడు. రైలులోనైనచో 139, ఎచ్చటనైనను 112, పిల్లల సహాయమునకు 1098 అను నంబర్లు పెద్దలు గుర్తుంచుకొనవలెను. ఇంతకును ముఖ్యమైనది ఒకటి కలదు. మారాము చేసినప్పుడెల్ల "పోలీసుకు పట్టిస్తాను", "ఇక్కడే వదిలేసి పోతాను" అని బెదరించుట మన ఇండ్లలో వాడుక. అట్లు విన్న పిల్ల నిజముగ తప్పిపోయిన దినమున పోలీసును చూచి దాగికొనును.

ఎన్ని జాగ్రత్తలు తీసికొన్నను పిల్లవాడు నడిబజారులో నేలమీద పడి ఏడ్చు ఘడియ వచ్చును. అప్పుడు చుట్టుపట్ల వారు చూచుచున్నారను సిగ్గుచేత పెద్దలు గట్టిగ అరతురు. దానివలన ఏడుపు హెచ్చును. వానిని ఎత్తుకొని ఒక ప్రక్కకు తీసికొనిపోయి, మూడు ప్రశ్నలు మనలను మనమే వేసికొనవలెను: తిని ఎంతసేపైనది? నిద్రపోయి ఎంతసేపైనది? ఎండలోనో గుంపులోనో ఎంతసేపు ఉన్నాడు? చాలమారులు జవాబు ఈ మూడింటిలోనే దొరకును. అప్పుడు కావలసినది ఉపదేశము కాదు. అరటిపండు, నీడ, భుజము.

తుదకు ఇల్లాలి మాట. అనేక కుటుంబములలో ప్రయాణమనగా ఆమెకు వంటగది మారుట మాత్రమే. సర్దునది ఆమె, పెట్టునది ఆమె, రాత్రి లేచునది ఆమె. తిరిగివచ్చి ఉతుకునది ఆమె. ఆమె అలసినచో ఆ అలసట సాయంకాలమునకు ఇంటిల్లిపాదికిని అంటును. కావున పనులను బయలుదేరుటకు ముందే కాగితముమీద పంచుకొనవలెను. టిక్కెట్లు, బస, సామాను లెక్క తండ్రివి. రాత్రివేళ చిన్నవానిని చూచుట ఒకనాడు తండ్రి, ఒకనాడు తల్లి. నీళ్ల సీసాలు నింపుట ఏడేండ్లవాని ఉద్యోగము. స్టేషనులో దిగునప్పుడు సంచులు లెక్కించుట పెద్దపిల్లది. కథలు చెప్పుట నాయనమ్మది. కాని పిల్లల కాపలా అంతయు ఆమెమీద వేయరాదు, ఆమెయు సెలవునకే వచ్చినది. ప్రతిదినము తల్లికి ఒక గంటయైనను, ఎవరును "అమ్మా" అని పిలువని గంట, దక్కవలెను.

ఇదంతయు డబ్బు గలవారి మాట యని అనుకొనరాదు. ఊరికి పది మైళ్ల దూరమున నున్న చెరువు గట్టుకు పోయినను, అమ్మమ్మగారి ఊరిలో వారము గడపినను లెక్క ఇదియే. అమ్మమ్మగారి ఇంట పిల్లలు సుఖపడుటకు కారణము ఆలోచింపుడు. అచ్చట చూచి తీరవలసిన స్థలము ఒకటియు లేదు. ఆకలియైనప్పుడు అన్నము, నిద్ర వచ్చినప్పుడు చాప, మెలకువగ నున్నప్పుడు మామిడితోపు. ఆ తీరికను కొంతయైనను మన విశాఖ, అరకు ప్రయాణములలోనికి తీసికొనిపోగలిగినచో, ఆ అయిదు దినములలో పెద్దలకును పిల్లలతో మాటాడుటకు, వారు అడిగినదానికి తొందర లేక జవాబు చెప్పుటకు వేళ చిక్కును. సంవత్సరములో మిగిలిన దినములలో బడి, ఆఫీసు, వంట నడుమ దొరకనిది ఆ వేళయే.

తిరిగివచ్చిన మరునాడు, ఆదివారము ఉదయము, పిల్లలను కూర్చుండబెట్టి ఏమి నచ్చినదని అడుగుడు. జలాంతర్గామి అని ఒకరు, సొరంగముల లెక్క అని ఒకరు చెప్పవచ్చును. ఇసుకలో త్రవ్విన గుంట అని చిన్నవాడు చెప్పవచ్చును. ఏమి నచ్చలేదో కూడ అడుగుడు. ఆ జవాబులను ఒక కాగితముమీద వ్రాసి టిక్కెట్ల కాగితములతో జతపరచి దాచుడు. వచ్చు వేసవికి ప్రణాళిక వేయునాడు మొదట తీసి చదువవలసినది దానినే.